చెక్కు మీద జట్టు పేరెందుకు?

ఆర్లాండో మ్యాజిక్ ఏ పార్టీ జట్టు? బాస్కెట్‌బాల్ అభిమాని అడగాల్సిన ప్రశ్న కాదిది. జవాబు మాత్రం అమెరికా ఎన్నికల కమిషన్ దస్త్రాలకెక్కింది. ఫ్లోరిడా గవర్నర్ రాన్ డీశాంటిస్‌ను శ్వేతసౌధానికి పంపడమే పనిగా పెట్టుకున్న ‘నెవర్ బ్యాక్ డౌన్’ అనే సూపర్ ప్యాక్ (అభ్యర్థికి విడిగా ఉండి అతని కోసం ప్రచారం చేసే కమిటీ) తన 2023 తొలి అర్ధ సంవత్సరపు లెక్కల్లో 50 వేల డాలర్ల చందా ఒకటి చూపింది. దాత అన్నచోట యజమాని పేరు లేదు, జట్టు పేరుంది. మా అభ్యంతరమంతా ఆ పేరు మీదే.

చట్టం ఒప్పుకుంటుందని సమర్థకులు అంటున్నారు. నిజమే. కంపెనీలు అభ్యర్థికి నేరుగా చందా ఇవ్వడాన్ని 1907 నుంచీ నిషేధించినా, 2010 నాటి కోర్టు తీర్పుల తరవాత సూపర్ ప్యాక్‌లకు ఎంతైనా ఇచ్చుకోవచ్చు. జట్టును కొన్నంత మాత్రాన యజమాని రాజకీయాలు మానుకోవాలనీ ఎవరూ అనరు. కానీ ఇక్కడ చేయి చాచి ఇచ్చింది యజమాని కాదే!

ఆమ్వే వ్యవస్థాపకుల్లో ఒకరైన రిచ్ డెవోస్ 1991లో ఈ జట్టును 8.5 కోట్ల డాలర్లకు కొన్నారు. ఆ కుటుంబం రిపబ్లికన్ పార్టీకి అండగా నిలవడంలో పెట్టింది పేరు. ఆ ఇంటి కోడలు బెట్సీ డెవోస్ ట్రంప్ తొలి ప్రభుత్వంలో విద్యామంత్రిగా చేశారు. ఇప్పుడు జట్టు బాధ్యతలు చూస్తున్న డాన్ డెవోస్ ఈ 50 వేలనూ సొంత ఖాతా నుంచే ఇచ్చి ఉండవచ్చు. సూపర్ ప్యాక్‌కు ఇచ్చేటప్పుడు వ్యక్తికీ పరిమితి లేదు, కంపెనీకీ లేదు. 200 డాలర్లు దాటితే దాత వివరం రాయాలి, అంతే తేడా. వ్యక్తి ఇస్తే ఆ వ్యక్తి పేరు, వృత్తి, కొలువు నమోదవుతాయి. కంపెనీ ఇస్తే కంపెనీ పేరు ఒక్కటే. పోనీ డబ్బుకు కటకటా అంటే, ఆ కమిటీ ఆరు నెలల్లో కూడబెట్టింది 13 కోట్ల డాలర్లు. అందులో 8.25 కోట్లు డీశాంటిస్ పాత రాష్ట్రస్థాయి కమిటీ నుంచి వచ్చి పడ్డవే. మ్యాజిక్ వాటా పదివేల డాలర్లకు నాలుగు డాలర్లు కూడా కాదు. ఆ కమిటీకి ఈ చెక్కుతో దక్కిన విలువైనది పేరు తప్ప మరొకటి కాదు.

గవర్నర్ అధ్యక్ష పోటీలో దిగకముందే ఇచ్చామని జట్టు వివరణ. చెక్కు మే 19న రాశారట, ఆయన ప్రకటించింది 24న, కమిటీ లెక్కలో పడింది జూన్ 26న. అయిదు రోజుల సందు చూపి తప్పించుకోవాలనుకుంటే ఎలా? ఆ కమిటీ పుట్టిందే దేనికో మే నెలలో తెలియనివారు లేరు. ఫ్లోరిడా వ్యాపార సంస్థగా ఫ్లోరిడా గవర్నర్‌కు మద్దతిచ్చామన్నది రెండో మాట. డీశాంటిస్ 2022 నవంబరులోనే రెండోసారి గెలిచారు. వరుసగా మూడోసారి గవర్నర్ పదవికి ఆ రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకోదు. గవర్నర్‌గా ఆయన ముందు ఇక గెలవాల్సిన ఎన్నికేది?

జట్టు పేరు ఒక్కరి సొత్తు కాదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఒప్పందం ప్రకారం ఆట మీద వచ్చే ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లది. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికైన కుర్రాడు జట్టును ఎంచుకోడు, జట్టే అతన్ని ఎంచుకుంటుంది. తొలి రౌండ్ ఒప్పందంలో రెండేళ్లు ఖాయం, మరో రెండేళ్లు జట్టు ఇష్టం. అలాంటివాడు వేసుకున్న జెర్సీ మీది పేరే చెక్కు మీదా ఉంది. లీగ్ ఆటగాళ్లలో నూటికి 70 మందికి పైగా నల్లజాతివారు. చెక్కు రాసిన మర్నాడే, మే 20న, నల్లజాతీయుల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ ఫ్లోరిడా ప్రయాణంపై హెచ్చరిక జారీ చేసింది. బానిసలు నేర్చుకున్న నైపుణ్యాలు కొన్ని సందర్భాల్లో వారికే మేలు చేశాయని చెప్పే పాఠ్య ప్రమాణాలను జులైలో ఆ రాష్ట్ర విద్యామండలి ఆమోదించింది. ఈ చందా ఆటగాళ్ల మద్దతుకు గుర్తు కాదని వారి సంఘం బహిరంగంగా చెప్పుకోవాల్సి వచ్చిందంటే తప్పు ఎవరిది? మరో విడ్డూరం: అప్పట్లో అదే జెర్సీ మీద డిస్నీ ప్రకటన బిళ్ల ఉంది. డీశాంటిస్ మీద ఏప్రిల్‌లో కోర్టుకెక్కిన డిస్నీయే అది!

అసలు భయం రేపటి గురించి. లీగ్‌లో 30 జట్లున్నాయి. ఒకటి రాసి నిలదొక్కుకుంటే మిగతా 29కి దారి దొరికినట్టే. ఆర్లాండో స్టేడియాన్నే చూడండి. 2010లో తెరిచిన ఆ భవనానికి 48 కోట్ల డాలర్లు అయితే, అధిక భాగం ప్రజల సొమ్మే. దాని సొంతదారు నగరపాలక సంస్థ. కప్పు మార్చాలన్నా, పార్కింగ్ కట్టాలన్నా, కౌలు పొడిగించాలన్నా జట్లు బేరమాడేది మేయర్లు, కౌంటీ సభ్యులు, గవర్నర్లతోనే. బేరానికి కూర్చున్న జట్టు దాత కూడా అయితే అవతలివాడు ఎవరి పక్షాన సంతకం పెడతాడు? ఇవాళ రిపబ్లికన్‌కు ఇచ్చారని మండిపడేవారు, రేపు మరో జట్టు డెమోక్రాట్‌కు ఇస్తే చప్పట్లు కొడతారా? మేమైతే కొట్టం.

ఇదే లీగ్ ఒక చట్టం నచ్చలేదని 2017 ఆల్‌స్టార్ ఆటను షార్లెట్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు తరలించింది. 2020లో కొవిడ్ వేళ డిస్నీ ప్రాంగణంలో బయటివారిని రానీయకుండా పోటీలు జరిపినప్పుడు జెర్సీ మీద రాసుకోదగిన నినాదాల జాబితాను ముందే ఆమోదించింది. ఆ ఆగస్టులో నల్లజాతి యువకుడు జేకబ్ బ్లేక్‌పై పోలీసు కాల్పులకు నిరసనగా మిల్వాకీ బక్స్ ఆడనన్నది మ్యాజిక్‌తో మ్యాచే. ఆటగాడి వీపు మీది పదానికి ముందస్తు అనుమతి కావాలట, యజమాని చెక్కు మీది పేరుకు అక్కర్లేదా?

మన దగ్గర పరిస్థితి అప్పట్లో ఇంకా అన్యాయం. 2017 ఆర్థిక చట్టం కంపెనీల చందాలపై 7.5 శాతం లాభాల పరిమితిని ఎత్తేసింది, ఏ పార్టీకి ఇచ్చిందీ లెక్కల్లో చెప్పనక్కర్లేదంది. క్రికెట్ జట్లనూ ఇక్కడ కంపెనీలే నడుపుతున్నాయి. ఎన్నికల బాండ్లు కొంటే జనానికి తెలిసే వీలే ఉండేది కాదు. ఈ మార్పులనూ బాండ్లనూ 2024లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆర్లాండో సంగతి కనీసం బయటకైనా వచ్చింది.

లీగ్ చేయాల్సింది పెద్ద పనేం కాదు. జట్టు కంపెనీ, స్టేడియం నడిపే కంపెనీ, జట్టు పేరిట ఉన్న ఫౌండేషన్ ఖాతాల నుంచి ఏ అభ్యర్థికీ, ఏ సూపర్ ప్యాక్‌కూ పైసా వెళ్లకూడదని యజమానుల మండలి తీర్మానించాలి. ఇష్టమైనవారు సొంత పేరుతో ఎంతైనా ఇచ్చుకోవచ్చు. డెవోస్ కుటుంబం ఆ 50 వేలను తన జేబు నుంచి జట్టు ఖాతాకు తిరిగి జమచేయాలి. వచ్చే సీజన్ మొదలయ్యేలోగా ఇదంతా అయిపోవాలి. జాతీయగీతం వేళ ఆటగాడు ఎలా నిలబడాలో నిబంధనల్లో రాసుకున్న కమిషనర్ ఆడమ్ సిల్వర్ కార్యాలయానికి, యజమాని ఏ చెక్కుబుక్కు ముట్టకూడదో రాయడానికి తీరిక లేదా, ధైర్యం లేదా?