తొమ్మిది నిమిషాల ట్యూబ్‌లైటు

మావాడు అప్పుడు ఎనిమిదో తరగతి. లెక్క చెబితే ఓ నిమిషం నా మొహంలోకి చూసి, నేను తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయాక "ఓ... అదా!" అనేవాడు. అందుకని ఇంట్లో వాణ్ణి ట్యూబ్‌లైట్ అని పిలిచేవాణ్ణి. 2020 ఏప్రిల్ 5, ఆదివారం రాత్రి దాకా పిలిచాను.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. కరోనా కాదు, ఇది అంతకు ఐదేళ్ల ముందు ఆబిడ్స్‌లో అంటుకుంది. ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఓ అట్టపెట్టె అడుగున చిట్టిబాబు వీణ ఎల్పీ రికార్డు కనిపించింది. బేరమాడి, గెలిచాననుకుని ఇంటికి తెచ్చాను. తెచ్చాక గుర్తొచ్చింది, దాన్ని వాయించడానికి ఇంట్లో ఏమీ లేదని. గోచీని ఎలుకలు కొరికేస్తున్నాయని పిల్లిని, పిల్లికి పాలు కావాలని ఆవుని, ఆవుని చూసుకోవడానికి పెళ్లాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ మనందరికీ తెలిసిందే కదా. నాకు పెళ్లాం ముందే ఉంది, మిగతావన్నీ వరసగా తెచ్చుకున్నాను. రికార్డు కోసం టర్న్‌టేబుల్. దాని ముల్లు ఇచ్చే సిగ్నల్ మహా అయితే ఐదు మిల్లీవోల్టులు, దాన్ని పెంచడానికి ఫోనో ప్రీయాంప్, ఆ పెంచింది చాలదని యాంప్లిఫయర్, అది వినబడాలి కాబట్టి స్పీకర్లు. ముల్లు రికార్డు మీద రెండు గ్రాముల బరువుతో ఆనాలి, అటూ ఇటూ అయితే పాట పాడవుతుంది, కాబట్టి ఆ బరువు తూచడానికి బంగారం కొట్లో ఉంటుందే, అలాంటి బుల్లి త్రాసు. ఆ త్రాసు పార్సిల్ విప్పుతుంటే మా ఆవిడ మొహం వెలిగింది. ఏం తూస్తానో చెప్పాక ఆరింది.

మార్చి 22 జనతా కర్ఫ్యూ, ఆ వెనకే లాక్‌డౌన్. మెట్రో ఆగింది, బస్సులు ఆగాయి, కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మీద కుక్కలు అడ్డంగా పడుకుని నిద్రపోయాయి. నాలాంటివాడికి ఇది ఎంత పెద్ద వార్తో చెప్పలేను. వీణ తీగ మోగి, మోగి, సన్నబడి, చివర్లో గాలిలో కలిసిపోయే ఆ అర సెకను వినాలని వేలకు వేలు పోసి వైర్లు మార్చాను, సరిగ్గా ఆ అర సెకనులోనే ఎప్పుడూ కింద ఆటోవాడు హారన్ కొట్టేవాడు. ఇప్పుడు ఆటో లేదు. కానీ ఇంట్లో అందరూ ఉన్నారు. హాల్లో అమ్మ టీవీ వార్తలు, బెడ్‌రూంలో మా ఆవిడ ఆఫీసు కాల్ ("మ్యూట్‌లో ఉన్నారు రెడ్డి గారూ, మ్యూట్‌లో ఉన్నారు"), మావాడి ఆన్‌లైన్ క్లాసు, వంటింట్లో కుక్కర్, పై ఫ్లాట్‌లో కొత్తగా స్కిప్పింగ్ మొదలుపెట్టిన లావుపాటి దంపతులు. వాళ్లు ఎగిరినప్పుడల్లా మా ముల్లు ఎగిరేది. ఇది చాలదన్నట్టు, రికార్డులు కడుక్కోవడానికి దాచుకున్న లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసాని మా ఆవిడ రెండో రోజే జప్తు చేసి తలుపు గడియలకి, పాల ప్యాకెట్లకి, బయటికెళ్లి వచ్చినప్పుడు నాకూ పూసేసింది.

సరే, పాట వినడం కుదరనప్పుడు మా తెగవాళ్లం ఏం చేస్తామంటే, ఇంకేం కొనాలా అని ఆలోచిస్తాం. నేనూ ఆలోచించాను. నా టర్న్‌టేబుల్‌ది సింక్రనస్ మోటారు. కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది చూడండి, ఫ్రీక్వెన్సీ అంటారే, ఆ ఊపే దానికి తాళం. ఊపు పెరిగితే ఇదీ పరిగెడుతుంది, తగ్గితే ఇదీ నీరసపడుతుంది. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలన్నది శాస్త్రం, ఆ శాస్త్రం కాస్తా కరెంటు గ్రిడ్ దయ మీద ఆధారపడి ఉంది. దీనికి మందుగా పవర్ రీజెనరేటర్ అని ఒక డబ్బా అమ్ముతారు, అది గోడలోంచి వచ్చే కరెంటుని తీసుకుని లోపల తనే నిఖార్సైన 50 తయారుచేసి ఇస్తుంది. ధర సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మా ఆవిడతో కూడా ఆ మాటే అన్నాను. "ముందు దాని అవసరం ఏంటో రుజువు చేయండి, ధర తర్వాత" అంది. తను ఆడిటింగ్‌లో ఉంది లెండి.

ఏప్రిల్ 3న ప్రధాని టీవీలోకి వచ్చి ఆదివారం రాత్రి 9 గంటలకి 9 నిమిషాలపాటు ఇంట్లో లైట్లు ఆపేసి దీపాలో, కొవ్వొత్తులో, టార్చో, మొబైల్ ఫ్లాషో వెలిగించమన్నారు. మర్నాటికల్లా ఎక్కడ చూసినా ఒకటే చర్చ, దేశమంతా ఒక్కసారి లైట్లు ఆర్పితే గ్రిడ్ తట్టుకుంటుందా, ఫ్రీక్వెన్సీ ఎగిరిపోతుందా అని. లైట్లు మాత్రమే ఆపండి, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు ఆపకండి అని ప్రభుత్వం చెప్పాల్సొచ్చింది. దేశం యావత్తూ గ్రిడ్ కదలకుండా నిలబడాలని కోరుకుంటుంటే, కాస్త ఊగితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. పడిపోకూడదు, పాపం. ఊగితే చాలు. నాకు రుజువు కావాలి.

రుజువు చేసే సరంజామా నా దగ్గరుంది. గుండ్రటి అట్ట ముక్క, దాని చుట్టూ 180 గీతలు. దాన్ని టర్న్‌టేబుల్ పళ్లెం మీద పెట్టి తిప్పుతూ ట్యూబ్‌లైట్ వెలుగులో చూడాలి. పాతకాలం ఇనప చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది, కంటికి తెలీదంతే. వేగం సరిగ్గా ఉంటే ఒక మినుకుకీ తర్వాతి మినుకుకీ మధ్య ఒక గీత ఉన్న చోటికి పక్క గీత వచ్చి నిలబడుతుంది, అందుకని అంత వేగంగా తిరుగుతున్నా గీతలు అచ్చేసినట్టు కదలకుండా కనిపిస్తాయి. ముందుకి జారితే వేగం ఎక్కువ, వెనక్కి జారితే తక్కువ. ఇప్పటి మామూలు ఎల్ఈడీ బల్బుల కింద ఇదంతా బూడిదరంగు చక్రంలా కనిపిస్తుంది. అందుకే ఇల్లంతా ఎల్ఈడీలు పెట్టించినా, టర్న్‌టేబుల్ పైన మాత్రం ఎలక్ట్రీషియన్ కాళ్లావేళ్లా పడి చోక్, స్టార్టర్ ఉన్న పాత పట్టీ బిగించుకున్నాను.

ఆదివారం రాత్రి పావు తక్కువ తొమ్మిదికి ఒకసారి చూసుకున్నాను, గీతలు కదల్లేదు. తొమ్మిదికి లైట్లన్నీ ఆపేశాం. అమ్మ బాల్కనీ గోడ మీద వరసగా ప్రమిదలు పెడుతోంది, మా ఆవిడ అగ్గిపెట్టె తెమ్మని నన్ను లోపలికి పంపింది. ఇదే అదను. కర్టెన్లు లాగేసి ఒక్క రెండు నిమిషాలు ట్యూబ్‌లైట్ వేస్తే ఎవడికి తెలుస్తుంది? చీకట్లో తడుముకుంటూ కిటికీ దగ్గరికెళ్లి కర్టెన్ పట్టుకున్నాను. చేతికి కడ్డీ తగిలింది. కర్టెన్లు ఆ పొద్దున్నే అమ్మ తీసి డెట్టాల్ నీళ్లలో నానబెట్టిందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. టైము 9:03. ఇలాంటి రాత్రి మళ్లీ రాదు. స్విచ్ వేశాను.

ఎల్ఈడీ అయితే ఠక్కున వెలిగి ఊరుకునేది. స్టార్టర్ ట్యూబ్‌లైట్ కదా, టిక్కుమని ఒకసారి, టిక్ టిక్కుమని రెండుసార్లు, పోలీసు బండిలా మెరిసి, ఆరి, మెరిసి, అపార్ట్‌మెంటు మొత్తం చూపు ఇటు తిప్పుకున్నాక అప్పుడు నింపాదిగా వెలిగింది. మాది మధ్యలో ఖాళీ వదిలి చుట్టూ కట్టిన బిల్డింగు. అరవై ఫ్లాట్లు చీకటిగా, బాల్కనీల నిండా దీపాలు, నడుమ మూడో అంతస్తులో మా హాలు సర్కస్ డేరాలా వెలిగిపోతోంది, అందులో ఒక మనిషి వంగి పళ్లెంలోకి చూస్తున్నాడు.

"లైట్ బంద్ కరో!" అని ఎదుటి బాల్కనీ. "మూడొందల నాలుగూ, లైటు!" అని పైనుంచి. "పడుకున్నారేమో పాపం" అని ఎవరో దయగల తల్లి. ఎక్కడో టపాసులు కూడా మొదలయ్యాయి. ఇంటర్‌కమ్ మోగింది, ఎత్తలేదు. "ఏవండీ!" అని బాల్కనీ నుంచి మా ఆవిడ. "రెండు నిమిషాలు!" అన్నాను. వ్యవహారం శ్రుతి మించి రాగాన పడుతోందని తెలుస్తూనే ఉంది, కానీ నా ప్రాణమంతా ఆ గీతల మీదే ఉంది. గీతలు కదల్లేదు. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి చూశాను. ముందుకీ జారలేదు, వెనక్కీ జారలేదు. మన గ్రిడ్ ఇంత గొప్పదా అని ఒక భారతీయుడిగా గర్వం, నా డబ్బా పోయిందే అని ఒక శ్రోతగా దుఃఖం, రెండూ ఒకేసారి వచ్చాయి.

9:12కి కాలింగ్ బెల్. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు. కరెంటు డిపార్టుమెంటులో ముప్ఫై ఏళ్లు ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. మాస్కు మీంచి కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, ఆ కళ్లే చాలు.

"ఏం సారూ, తొమ్మిది నిమిషాలు ఆగలేకపోయిన్రా?"

ఇంకేం చెప్పను, ఉన్నదున్నట్టు చెప్పేశాను. సింక్రనస్ మోటారు, ఫ్రీక్వెన్సీ, 180 గీతలు. చెబుతుంటే ఆయన కళ్లలో కోపం తగ్గింది, డ్యూటీ వెలుగు వచ్చింది. ఆరడుగుల దూరంలో గుమ్మం అవతలే నిలబడి మెడ సాచి చూశారు.

"మోటారు ఏ ప్లగ్గుకు వెట్టిన్రు?"

"ఈ బోర్డుకేనండి."

"మరి లైటు?"

"అదీ ఈ బోర్డే."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చాలా మెల్లిగా, మనసు నొప్పించకూడదన్నట్టు అన్నారు. "రెండిటికీ కరెంటు ఒక్కటే గద సారూ. అది ఉరికితే ఇదీ ఉరుకుతది. అది నడిస్తే ఇదీ నడుస్తది. గీతలు యాడికి పోతయ్?"

నేను ఓ నిమిషం ఆయన మొహంలోకి చూశాను.

"ఓ... అదా!" అన్నాను.

వెనక మావాడు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత వాడు అడిగింది ఇంకా దారుణం. "ఫోన్ పళ్లెం మీద పెడితే ఎంత స్పీడో చెప్పే యాప్ ఉంది కదా నాన్నా? దానికి కరెంటుతో పనిలేదుగా." ఫోన్ నా జేబులోనే ఉంది. ఫ్లాష్ వేసుకుని బాల్కనీలో నిలబడండని ప్రధాని స్వయంగా అనుమతి ఇచ్చిన ఫోన్.

ఆ రాత్రి నిజంగానే దేశంలో లోడు 30 వేల మెగావాట్ల పైచిలుకు పడిపోయిందని, ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 దాకా ఊగిందని తర్వాత లెక్కలు వచ్చాయి. అంటే నా రికార్డు ఒక దశలో అర శాతం వేగంగా తిరిగే ఉంటుంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో అది పదోవంతు కూడా కాదు, గమకాలతో ఊగే వీణలో దాన్ని పట్టుకునే చెవి నాకైతే లేదు. ఈ ముక్క ఇంట్లో చెప్పలేదు.

కానీ అదంతా తర్వాత. ఆ రాత్రి ప్రెసిడెంటు గారు వెళ్లిపోతే బాగుండేది. వెళ్లలేదు. మనిషికి లాక్‌డౌన్‌లో పదిహేను రోజులుగా మాట్లాడే టెక్నికల్ సంగతి దొరకలేదేమో, గోడకి చెయ్యి ఆనించబోయి, వైరస్ గుర్తొచ్చి వెనక్కి తీసుకుని, ఉత్సాహంగా అడిగారు, "ఇంతకూ ఆ డబ్బా ఎంతున్నది సారూ?"

నేను గొంతు తగ్గించాను. మాస్కు పెట్టుకుని గొంతు తగ్గిస్తే ఎదుటివాళ్లకి ఏమీ వినబడదు.

"ఎంతా?"

"లక్షా పదివేలండి."

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. నా అనుభవంలో నేను విన్న అతి శుభ్రమైన నిశ్శబ్దం అదే, దాని ముందు నా వైర్లన్నీ దండగ. ప్రెసిడెంటు గారికి కూడా అది వినిపించినట్టుంది, "మంచిది సారూ, వస్త" అని లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్ల మీదుగా వెళ్లిపోయారు.

"ఏవండీ, ఆ ట్యూబ్‌లైటు ఆపి ఒకసారి ఇలా రండి" అంది మా ఆవిడ.

"ఏ ట్యూబ్‌లైటమ్మా?" అన్నాడు మావాడు.