మూకీలో మహానటుడు, టాకీలో నిరుద్యోగి

రిన్ టిన్ టిన్ గురించి ఎవరు చెప్పినా ఆస్కార్ కథే ఎత్తుకుంటారు. 1929లో ఇచ్చిన మొట్టమొదటి ఆస్కార్లలో ఉత్తమ నటుడిగా ఎక్కువ ఓట్లు ఈ జర్మన్ షెపర్డ్ కుక్కకే పడ్డాయట, నవ్వులపాలవుతామని జర్మన్ నటుడు ఎమిల్ యానింగ్స్ చేతిలో పెట్టారట. నేను నమ్మను. ఆ ఇద్దరికీ ఆ ఏడే వచ్చిపడ్డ కష్టం ఇంతకన్నా మంచి కథ.

1918 సెప్టెంబరులో, ఫ్రాన్సులోని ఫ్లిరే ఊరి దగ్గర బాంబులకు కూలిన కుక్కల కొట్టంలో లీ డంకన్ అనే అమెరికన్ సైనికుడికి దొరికిన కూన అది. చిన్నతనంలో కొంతకాలం అనాథాశ్రమంలో ఉన్నవాడు డంకన్, వదిలిరాలేకపోయాడు. రెండు కూనల్ని తెచ్చుకుంటే ఒకటి అమెరికా చేరగానే జబ్బుచేసి పోయింది. మిగిలింది 1923 నుంచి వార్నర్ సినిమా కంపెనీ వారి స్టార్.

‘క్లాష్ ఆఫ్ ద వుల్వ్స్’ (1925) చూడండి. పాదంలో ముల్లు దిగిన తోడేళ్ళ నాయకుడి వేషం. కుంటితనం బయటపడితే సొంత మందే చంపేస్తుంది. ఆ నడకలో నొప్పీ ఉంది, దాన్ని దాచుకునే పౌరుషమూ ఉంది. (అదే సినిమాలో దానికి గడ్డం అంటించారు. ఎందుకో ఆ దర్శకుడికే తెలియాలి.) మూకీలో మనుషులకీ మాట లేదు కాబట్టి కుక్క ఎవరికీ తీసిపోలేదు.

టాకీలు వచ్చాయి. 1929 చివర్లో వార్నర్ వారు దాన్ని వదిలించుకున్నారు. యానింగ్స్ అప్పటికే జర్మనీ వెళ్ళిపోయాడు. ఆ యాసతో ఇంగ్లీషు టాకీల్లో నెగ్గుకురావడం కష్టమని. (అక్కడ నాజీల సినిమాల్లో వేశాడు, అది వేరే సంగతి.) పరాయిదేశంలో ఫోనులో ఇంటిపేరుకి మూడేసిసార్లు స్పెల్లింగు చెప్పుకునే మనకి ఈ ఇద్దరి కథ ఆస్కార్ పుకారు కంటే దగ్గరగా లేదూ? మన పిల్లలకి చెప్పాల్సింది ఇదేనని నా వాదన.

తర్వాత రిన్ టిన్ టిన్ చిన్న కంపెనీల సినిమా సీరియళ్ళలో వేసి, 1932 ఆగస్టు 10న లాస్ ఏంజెలెస్‌లో పోయింది. డంకన్ పెరట్లోనే పూడ్చాడు. ఆర్థికమాంద్యంలో ఆ ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చింది. దాంతో కుక్కని ఓడెక్కించి ఫ్రాన్సుకే పంపాడు. ఇప్పటికీ పారిస్ శివార్లలో, సేన్ నది ఒడ్డున ఆన్యేర్ కుక్కల శ్మశానంలో ఉంది. రాయి మీది రాత ఫ్రెంచిలో.