సర్టిఫికెట్లు సరే, వినడం సంగతేమిటి?

మారతహళ్లి పీజీలో ఉండే మన అనంతపురం కుర్రాడు థెరపిస్టు ముందు కూర్చుని ‘ఏం తోచట్లేదండీ’ అన్నాడనుకోండి. పొద్దుపోవట్లేదనా, దారి కనిపించట్లేదనా, ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాననా? ‘బోర్’ అని నోట్సులో రాసుకుని ముందుకెళ్తే ఆ గంట వృథా. ‘తోచకపోతే మీకెలా ఉంటుంది?’ అని అడగడానికి కొత్త టెక్నిక్ ఏదీ అక్కర్లేదు.

బెంగళూరులో థెరపిస్టులకు కోర్సుల కరువు లేదు. సీబీటీ, డీబీటీ లాంటి థెరపీ పద్ధతులు, ట్రామా... వీకెండ్ వస్తే ఏదో ఒక వర్క్‌షాపు. నా దగ్గరా ఫైలు నిండా సర్టిఫికెట్లున్నాయి, వాటిని చూసి ఎవరికీ టెన్షన్ తగ్గలేదు. పోనీ అనుభవమే నేర్పుతుందా? అమెరికాలో 170 మంది థెరపిస్టులు, 6,591 మంది క్లయింట్ల రికార్డులను పరిశీలించి 2016లో ఒక అధ్యయనం వెలువరించారు. ఏళ్లు గడిచేకొద్దీ ఫలితాలు సగటున మెరుగుపడకపోగా, కాస్త తగ్గాయి. తగ్గింది చాలా స్వల్పమే, మెరుగైనవాళ్లూ ఉన్నారు. అయినా నాకు ఆశ్చర్యం కలగలేదు. సిల్క్‌బోర్డు జంక్షన్‌లో పదేళ్లుగా కారు నడిపేవాళ్లంతా మంచి డ్రైవర్లయ్యారా? పైగా మా పనిలో తప్పు జరిగితే హారన్ కొట్టేవాళ్లుండరు. క్లయింట్ రావడం మానేస్తారు, అంతే. షిఫ్టు మారిందేమో అని మనమే సర్దిచెప్పుకుంటాం.

క్లినికల్ సైకాలజిస్టులకు కేంద్రప్రభుత్వ సంస్థ అయిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట రెండేళ్ల ఎంఫిల్ చేసినవాళ్లు సీనియర్ల పర్యవేక్షణలోనే కేసులు చూసి బయటికొస్తారు. మిగతా సైకాలజిస్టులనూ కౌన్సెలర్లనూ 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి తెచ్చారు. మంచిదే. కానీ రిజిస్ట్రేషన్ చూసేది అర్హతను. తలుపు మూశాక గదిలో మాట ఎలా నడిచిందో సూపర్‌విజన్‌లోనే, అంటే మన సెషన్ల గురించి సీనియర్‌తో మాట్లాడి సరిచూసుకున్నప్పుడే తెలియాలి.

తెలుగువాళ్లకు ఇక్కడే ఇంకో చిక్కుంది. చదివింది ఇంగ్లిష్‌లో, క్లయింట్ ఏడ్చేది తెలుగులో. ఒకసారి క్లయింట్ అనుమతితో సెషన్ రికార్డు చేసి, ఇంటికెళ్లి విన్నాను. ఆమె గొంతు వణికిన ప్రతిసారీ నేను ‘ఊరుకోండి, అన్నీ సర్దుకుంటాయి’ అంటున్నాను. మన ఇళ్లలో ఓదార్పంటే అదేగా! ఆ మాటతో ఆమె నిజంగానే ఊరుకుంది. చెప్పాల్సింది చెప్పకుండా ఊరుకుంది. ఆ సెషన్ గురించి అంతకుముందే మా సూపర్‌వైజర్‌కి చెప్పాను. ఆవిడకు తెలుగు రాదు కాబట్టి ఇంగ్లిష్‌లో చెప్పాను. అందులో నా ‘ఊరుకోండి’ కాస్తా ‘సపోర్ట్ ఇచ్చాను’ అయి కూర్చుంది. తప్పు అనువాదంలో మాయమైంది.

అందుకే కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. రెండు వర్క్‌షాపులు మానేసి, ఆ ఫీజు తెలుగు తెలిసిన సీనియర్‌కి ఇచ్చి మీ సెషన్లు వినిపించండి. సీనియర్ దొరక్కపోతే తోటివాళ్లయినా ఫర్వాలేదు. మేం నలుగురం నెలకో శనివారం కలుస్తాం. ఒకరు క్లయింట్‌లా ఏడుస్తారు, ఎదుటివాళ్లు ఓదార్చకుండా, టిష్యూ పెట్టె జరపకుండా కూర్చోవాలి. మొదటిరోజు ఒక్కరం కూడా నిమిషం ఆగలేకపోయాం.