హెడ్డు పోయిందని చెప్పుకునే హక్కు

పాత డీజిలు కార్ల యజమానుల తరఫున ఇంజనుకు డీజిలు అందించే పంపును బాగుచేసే మెకానిక్కులకు నాదొక విన్నపం. అయ్యా, రోగం ఏదైనా కానీండి, బిల్లు ఎంతైనా వెయ్యండి, వాషరు పోయిందని మాత్రం నలుగురిలో చెప్పొద్దు. గుండె నొప్పని మనిషిని మద్రాసు తీసుకుపోతే, గ్యాసని తేల్చి తిప్పి పంపిన ఇంటి పరిస్థితి ఎట్టుంటదో మీకు తెలియంది కాదు. వీధి వీధంతా వచ్చి పలకరించి పోయాక, బంధువులు యాపిళ్ళు తెచ్చి ఇచ్చాక, గ్యాసంట! ఆ యాపిళ్ళు ఏ మొహం పెట్టుకుని తినాలి?

నాది అంబాసిడరు. 1489 సీసీ డీజిలు ఇంజను. మా మామగారు ప్రేమతో ఇచ్చారు. ఆయన వాకిట్లో చోటు ఖాళీ కావాల్సి వచ్చి ఇచ్చారని మా తోడల్లుడు అంటాడు గానీ, ఆయన మాట మనకెందుకు. ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది కాబట్టి ఈ బండికి పుట్టిల్లు లేదు. పదిహేనేళ్ళు దాటిన కారుకు మళ్ళీ రిజిస్ట్రేషను చేయించాలంటే 600 ఉన్న రుసుమును 2022లో 5,000 చేశారు. మనిషికి వయసు పైబడితే పింఛనిచ్చే ప్రభుత్వం కారుకు వయసు పైబడితే దాని దగ్గరే వసూలు చేస్తుంది. ఇన్ని భరిస్తున్న బండికి, వచ్చే రోగమైనా గౌరవంగా రావద్దా?

పోయిన కార్తీకంలో రోగం వచ్చింది. పొద్దున తాళం తిప్పితే సెల్ఫు తిరుగుతుంది, బండి పలకదు. బ్యాటరీ మూలిగే దాకా తిప్పితే, ఒక దగ్గు దగ్గి, ఇంత తెల్ల పొగ వదిలి, అప్పుడందుకుంటుంది. ఒకసారి అందుకుంటే ఇక సాయంత్రం దాకా తిరుగులేదు. కావలి నుంచి ఒంగోలు పోయి పెళ్ళి భోజనం చేసి రావచ్చు. రాత్రంతా నిలబడితే తెల్లారి మళ్ళీ అదే కథ.

మూడో రోజుకు వీధి వైద్య మండలి సమావేశమైంది. బిట్రగుంట స్టీమింజన్ల షెడ్డులో పని నేర్చి, డీజిలింజన్ల మీద అలిగి రిటైరైన ఎదురింటి పెద్దాయన, "మా బొగ్గు ఇంజనుకు ఈ పంపులూ గింపులూ లేవబ్బయ్యా, అందుకే చెడలా" అన్నాడు. రొయ్యల చెరువులున్నాయన, రాత్రుళ్ళు చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆడించే జనరేటరుకు నిరుడు ఇదే వచ్చిందనీ, పంపేననీ కొట్టేసినట్టు చెప్పాడు. చీమకుర్తిలో గ్రానైటు లారీలు తిప్పే మా బావ ఫోన్లోనే సెల్ఫు మోత విని "మైకో పంపు పోయింది" అన్నాడు. దీనికున్నది మైకో కంపెనీ పంపు కాదు బావా, సీఏవీ కంపెనీ రోటరీ పంపు అంటే, "ఏదైతేనేం, పోయింది" అన్నాడు. ఏకగ్రీవంగా పంపేనని తీర్మానం అయింది. అసలు పంపేదని అడిగితే బానెట్టులో నలుగురూ నాలుగు వస్తువులు చూపించారు. ఒకాయన చూపించింది డైనమో.

నిందలు పడటానికి పుట్టిన వస్తువు అది. నిజానికి ఎంత పెద్దమనిషో చూడండి. పంక్తిలో నెయ్యి వడ్డించే వాడిని తలుచుకోండి. నాలుగు ఆకులు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పడకూడదు. అన్నం మీద పప్పు పడ్డ క్షణానికే నెయ్యి పడాలి, ముందు పడితే ఆకుకు కారుతుంది, వెనక పడితే ముద్ద నోట్లోకి పోయి ఉంటుంది. రోటరీ పంపు చేసేది అదే. తిరిగే రోటరులో ఎదురెదురుగా రెండు చిన్న ప్లంజర్లు, చుట్టూ లోపలివైపు గడ్డలున్న కామ్ రింగు. గడ్డ దగ్గరికి రాగానే ప్లంజర్లు రెండూ నొక్కుకుని, వాటి మధ్యనున్న చుక్క డీజిలు మన చుట్టూ ఉన్న గాలికి వంద రెట్ల పైన ఒత్తిడితో, వంతు ఎవరిదైతే ఆ సిలిండరులోకి డీజిలు చిమ్మే నాజిలుకు పోతుంది. నలుగురికీ ఒకడే వడ్డిస్తాడు. వాడికి వేరే ఆయిలు పొయ్యరు, వడ్డించే నెయ్యే వాడి భోజనం, అంటే ఆ డీజిలే లోపలి ఇనుముకు జిడ్డు. రోటరుకూ అది తిరిగే గూడుకూ, అంటే హెడ్డుకూ, మధ్య సందు కొద్ది మైక్రాన్లు. మన తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. డీజిల్లో నీళ్ళో దుమ్మో వస్తే ముందు గీతలు పడేది అక్కడే.

అందుకే "హెడ్డు పోయింది సార్" అన్న మాటకు ఆ బరువు. మా ఊరి మెకానిక్కు ఒకాయన (పేరు వద్దు, రేపు మళ్ళీ ఆయన కాడికే పోవాలి) బానెట్టు ఎత్తి, పైపు ఒక్కటి తడిమి చూడకుండా, నేరుగా ఆ మాట అన్నాడు. ఐదంకెల ఖర్చు. నిజం చెప్తున్నా, గుండె గుభేలుమనాల్సింది పోయి నాకు వెన్నెముక నిటారైంది. మా తోడల్లుడి కొత్త కారుకు ఎప్పుడేం వచ్చినా సెన్సారంటారు, ల్యాప్‌టాపు పెట్టి చూసి "సాఫ్ట్‌వేరు వేశాం" అంటారు. చేతిలోకి తీసుకుని చూసుకోవడానికి ఏమీ ఉండదు. మా బండికి ఏకంగా హెడ్డు!

తర్వాత పదకొండు రోజులు నా జీవితంలో మంచి రోజులు. పంపు విప్పి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పక్కన పెట్టారు. పాలవాడు మొదలు పురోహితుడి దాకా ఆగి అడిగారు. నేను బదులుగా చిన్న ఉపన్యాసం తయారు చేసుకున్నాను. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త కాలుష్య నియమాల బీఎస్-6 డీజిలు వచ్చింది గదండీ, గంధకం పది లక్షల్లో 50 పాళ్ళ నుంచి 10 పాళ్ళకు దించారు, గంధకం తీసే పద్ధతిలో డీజిలుకున్న సహజమైన జిడ్డు కూడా పోతుంది, కంపెనీలు మళ్ళీ మందు కలిపి ఇస్తాయి, అయినా పాత రబ్బరు సీళ్ళు ముడుచుకుని కారొచ్చు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మా బండి రోగానికి సంబంధం మాత్రం లేదని తర్వాత తెలిసింది. ఒంగోలులో ఒక పెళ్ళిలో దీన్ని 1900 దాకా పొడిగించాను. ఆ ఏడు పారిస్ ప్రదర్శనలో డీజిలింజన్ను వేరుశనగ నూనెతో ఆడించి చూపించారు, కనిగిరి మెట్టల్లో శనక్కాయ వేసే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే ఈపాటికి గానుగ కాడే బంకు ఉండేది అన్నాను. పెళ్ళికొడుకు మేనమామ కళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు. సాఫ్ట్‌వేరు వేయించుకున్న కారు గలవాడికి అట్టాంటి చూపు దొరుకుతుందా?

ఇంట్లో మాత్రం ఒక అపశ్రుతి. "కొండ బిట్రగుంట గుడికి పోయినప్పుడు దిగువకు ముఖం పెట్టి ఆపారు గదా, పొద్దున లేచి తాళం తిప్పగానే పలికింది గదండీ" అంది మా ఆవిడ. అది ప్రసన్న వెంకటేశ్వరస్వామి మహిమ అని నేను అప్పుడే తేల్చి టెంకాయ కొట్టి వచ్చాను. సాంకేతిక విషయాల్లో ఆడవాళ్ళు వేలు పెట్టకూడదని మా మెకానిక్కు కూడా అన్నాడు.

పంపు పట్టుకుని నెల్లూరు బయల్దేరాను. బస్సులో ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకున్నాను. చొక్కా మీద డీజిలు మరక పడింది, ఇంకా పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు. ఆ పంపు షాపు ముసలాయన చేతి గోళ్ళలో నల్లగీత తప్ప మనిషి పూజారిలా శుభ్రం. పంపును టెస్టు బెంచీ మీద బిగించి మోటారు ఆన్ చేశాడు. గోడకు వరసగా గాజు గొట్టాలు. పంపు తిరిగే కొద్దీ నాలుగింటిలోకి నూనె సన్నగా ఎక్కుతోంది. లెక్క పూర్తయ్యాక మోత ఆగింది. ఆయన వంగి, నూనె మట్టానికి కన్ను సమంగా పెట్టి చూశాడు. నేనూ వంగాను. నాలుగూ ఒక్క గీత మీద ఉన్నాయి. దారం పట్టి కట్టినట్టున్నాయి.

"హెడ్డు పోలా సామే."

"ఇంకోసారి చూడండి" అన్నాను.

"ఏంది సామే, బాగుందంటే మొహం అట్టా పెట్టారు?"

సీళ్ళు ముసలివయ్యాయి, కిట్టు వేస్తానన్నాడు. సీలు కిట్టు! కత్తి పెడతారని పోతే కట్టు కట్టి పంపినట్టు. అయినా ఓర్చుకున్నాను. కావల్లో కూతురింటికి వచ్చే పని ఉందని ఆదివారం ఆయనే వచ్చి, టైమింగ్ గుర్తులు కలిపి పంపు ఎక్కించి, పైపుల్లో చేరిన ఎయిర్ తీసి, స్టార్టు చేసి చూపించాడు. ఆహా అనుకున్నాం. సోమవారం పొద్దున మళ్ళీ దగ్గు, మళ్ళీ తెల్ల పొగ. కందుకూరు వాళ్ళు 2022లో ఇల్లు కదలకుండా ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చారు. మా పంపు కావలి నుంచి నెల్లూరు పోయి వచ్చింది, రోగం ఇల్లు కదల్లేదు.

ముసలాయన ఇంకా కూతురింట్లోనే ఉన్నాడు. వచ్చి, ఇన్ని రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు. "వాలులో ముందుకు దించి పెడితే ఎట్టుంటది?" నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ వాకిట్లోంచే గుడి సంగతి చెప్పింది. ఆయన "అదీ మాట, తల్లీ" అన్నాడు. వెంకటేశ్వరస్వామి పేరు ఎవరూ ఎత్తలేదు.

సంచీలోంచి సెలైన్ పైపు ముక్క తీశాడు. ఆస్పత్రిలో వాడేదే. ట్యాంకు నుంచి డీజిలు లాగే చిన్న పంపు ఒకటుంది, ఫీడ్ పంపు అంటారు, దాన్నుంచి ఫిల్టరుకు పోయే దారిలో ఆ ముక్క కలిపి, ఫీడ్ పంపు చిన్న పిడిని చేత్తో ఆడించాడు. తేనె రంగు డీజిలు, అందులో బుడగలు, గోలీసోడా కొట్టినప్పుడు లేచినట్టు ఒకదాని వెంట ఒకటి. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఫీడ్ పంపులోకి చేరే చోట బోల్టు కిందున్న రాగి వాషరు. అక్కడ గాలి పీలుస్తోంది. పీల్చే వైపు కాబట్టి బండి ఆడేటప్పుడు బొట్టు కూడా బయటికి కారదు, కంటికి కనపడదు. రాత్రి బండి నిలబడితే ఆ సందున గాలి దూరి, పైపులో డీజిలంతా మెల్లగా ట్యాంకుకు జారిపోతుంది. దిగువకు ముఖం పెడితే వెనకనున్న ట్యాంకు ఎత్తులోకి వస్తుంది గనక జారదు. అంతే మహిమ.

వాషరు విప్పి నా అరచేతిలో పెట్టాడు. ఎన్నిసార్లు విప్పి అదే మళ్ళీ బిగించారో, రాగి గట్టిపడి నల్లబడింది, అంచు నుంచి అంచుకు గోరుతో గీసినట్టు ఒక సన్న గీత. "కొత్తది లేకపోతే కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడతది, నా కాడ కొత్తయ్యే ఉండాయిలే" అని బోల్టుకు అటొకటి ఇటొకటి వేశాడు. మర్నాడు పొద్దున తాళం సగం తిప్పేసరికి బండి పలికింది. ఎదురింటి పెద్దాయన కిటికీ మూసుకున్నాడు. పలకరించడానికి ఎవరూ రాలేదు.

బిల్లు రాసేటప్పుడు ముసలాయనను పక్కకు పిలిచి బతిమాలాను. డబ్బు మీరు అడిగిందానికి రెట్టింపు తీసుకోండి, "పంపు హెడ్డు" అని ఒక్క మాట రాయండి అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత వంగి, కార్బను పేపరు సర్ది, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎదురింటి కిటికీ నుంచి కూడా కనపడేంత పెద్దగా రాశాడు. సీలు కిట్టు ఒకటి. రాగి వాషర్లు రెండు, ఇరవై రూపాయలు. కింద రబ్బరు స్టాంపు కూడా వేశాడు. ఆ కాయితం డాష్‌బోర్డు అరలో ఇన్సూరెన్సు కింద, ఇన్సూరెన్సు పొల్యూషను సర్టిఫికెట్టు కింద ఉన్నాయి. మా తోడల్లుడు సంక్రాంతికి వస్తానన్నాడు. ఆ డాష్‌బోర్డు అరకు తాళం ఎక్కడ చేస్తారో కనుక్కుంటున్నాను.