ముప్పై రోజుల మౌనం కూడా తిరస్కరణే

సమాచార హక్కు (ఆర్టీఐ) చట్టం కింద దరఖాస్తు పెట్టి నెల దాటింది, జవాబు లేదు. అప్పుడు చాలామంది ఆఫీసుకు వెళ్లి అడుగుతారు. 'వచ్చే వారం రండి' అంటారు. ఆ వారం పోయాక ఒక రిమైండర్ రాస్తారు, దానికీ జవాబు ఉండదు. చెప్పులరిగేలా ఎన్నిసార్లు తిరిగినా, ఎన్ని రిమైండర్లు రాసినా చట్టం దృష్టిలో వాటికి విలువ లేదు. ఈలోగా అప్పీలు గడువు మాత్రం దాటిపోతుంది. అధికారి మౌనం వల్ల జరిగే అసలు నష్టం ఇదే.

2005 నాటి చట్టం ఈ మౌనాన్ని ముందే ఊహించింది. నిర్ణీత గడువులో సమాచార అధికారి (దరఖాస్తులకు జవాబివ్వాల్సిన అధికారి) ఏ నిర్ణయమూ చెప్పకపోతే దరఖాస్తును తిరస్కరించినట్లే భావించాలని సెక్షన్ 7(2) చెబుతోంది. అంటే 31వ రోజున మన చేతిలో కాగితం లేకపోయినా తిరస్కరణ ఉన్నట్లే. ఇక ఎదురుచూడాల్సిన పని లేదు. మామూలుగా గడువు 30 రోజులు. దరఖాస్తు తీసుకుని సమాచార అధికారికి పంపే సహాయ సమాచార అధికారికి ఇస్తే మరో 5 రోజులు కలుస్తాయి. మూడో వ్యక్తి ఇచ్చిన గోప్య సమాచారం అందులో ఉంటే 40 రోజులు. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలే.

లెక్క మొదలయ్యేది మనం పోస్టు చేసిన రోజు నుంచి కాదు, దరఖాస్తు ఆఫీసుకు అందిన రోజు నుంచి. కాబట్టి అందిందన్న రుజువే మొదటి ఆయుధం. నేరుగా ఇస్తే మన కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. స్పీడ్ పోస్టులో పంపితే డెలివరీ వివరాలను వెంటనే ప్రింటు తీసి పెట్టుకోవాలి, కొన్నాళ్లకు అవి ఆన్‌లైన్లో కనిపించవు. పోస్టల్ ఆర్డర్ పెడితే దాని నంబరును దరఖాస్తులోనే రాయాలి, లేకపోతే 'ఫీజు అందలేదు' అని చేతులు దులుపుకుంటారు. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్‌లో రాష్ట్ర కార్యాలయాలకు దరఖాస్తు పెట్టడం తరచూ జరిగే మరో పొరపాటు. అది వెనక్కి వస్తుంది, కట్టిన పది రూపాయలు మాత్రం రావు.

తేదీలను ఒక ఉదాహరణతో చూద్దాం. దరఖాస్తు జూన్ 2న అందిందనుకుంటే జూలై 2తో గడువు ముగుస్తుంది. అక్కడి నుంచి 30 రోజుల్లో, అంటే ఆగస్టు 1లోగా, అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆ అప్పీలు జూలై 5న అందితే ఆయన ఆగస్టు 4కల్లా తేల్చాలి. కారణాలు రాసి పెడితేనే 45 రోజుల వరకు, అంటే ఆగస్టు 19 వరకు, సమయం తీసుకోవచ్చు. ఆయనా పలకకపోతే సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయడానికి 90 రోజులు ఉంటాయి. ఆ 90 రోజులను ఆగస్టు 4 నుంచే లెక్కవేసుకోవడం క్షేమం. అలా అయితే చివరి తేదీ నవంబరు 2. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే వీలుంది గానీ దాని మీద ఆధారపడకూడదు.

మొదటి అప్పీలును కేవలం లాంఛనంగా చూడటం తప్పు. అందులో దరఖాస్తు తేదీ, అందిన తేదీ, గడువు ముగిసిన తేదీ వరసగా రాసి, 7(2) కింద ఇది తిరస్కరణేనని, 7(6) ప్రకారం సమాచారాన్ని ఇప్పుడు ఉచితంగా ఇవ్వాలని స్పష్టంగా కోరాలి. గడువు దాటాక నకళ్లకు పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టమంటూ లేఖ పంపే ఆఫీసులు ఉన్నాయి. ఆ హక్కును వాళ్లు అప్పటికే కోల్పోయారు. అయితే ఆ లేఖ గడువులోపే వస్తే సంగతి వేరు: అది పంపిన రోజు నుంచి మనం డబ్బు కట్టే రోజు వరకు 30 రోజుల లెక్క ఆగుతుంది.

'ఆ ఫైలు మా సెక్షన్‌లో లేదు' అన్న జవాబు కూడా చెల్లదు. వేరే కార్యాలయానికి చెందినదైతే 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేసి మనకు తెలపాలి. అదే ఆఫీసులో మరొకరి దగ్గర ఉంటే, సెక్షన్ 5 ప్రకారం సమాచార అధికారి ఆ ఉద్యోగి సాయం కోరవచ్చు. అప్పుడు జరిమానా విషయంలో ఆ ఉద్యోగి కూడా సమాచార అధికారితో సమానం. ఇక 'ఫైలు కనిపించడం లేదు' అన్నది సమాచారం నిరాకరించడానికి వీలిచ్చే సెక్షన్ 8 మినహాయింపుల్లో ఎక్కడా లేదు. ఫైలు ఎలా పోయిందో విచారణ జరిపించి, ఆ నివేదిక ఇప్పించమని అప్పీలులోనే అడగాలి.

అధికారులకు తప్పించుకునే దారి మన ప్రశ్నలే ఇచ్చే సందర్భాలూ తక్కువేం కాదు. 'మా వార్డులో రోడ్డు ఎందుకు వేయలేదు?' అని అడిగితే వివరణలు ఇవ్వడం మా పని కాదంటారు. రికార్డుల్లో లేని సమాచారాన్ని తయారు చేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది కూడా. దానికి బదులు ఆ రోడ్డు మంజూరు ఉత్తర్వు, అంచనా పత్రం, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లుల నకళ్లు అని కాగితాల పేర్లతో, ఆర్థిక సంవత్సరంతో సహా అడగాలి. కాగితాలు ఎక్కువైతే సెక్షన్ 2(జె) కింద ఫైలు తనిఖీ కోరడం మేలు. కేంద్ర నియమాల్లో మొదటి గంట తనిఖీకి రుసుము లేదు.

మౌనం వీడించడానికి అనుభవజ్ఞులు వాడే మరో దారి ఉంది. పాత దరఖాస్తు మీద రెండో దరఖాస్తు వేయడం: 'ఫలానా తేదీన అందిన నా దరఖాస్తుపై రోజువారీగా ఏ చర్య జరిగింది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ ఉద్యోగి వద్ద ఉంది, వారి పేర్లు, హోదాలు, నోట్ ఫైలు నకలు ఇవ్వండి.' పేర్లు కాగితం మీదకు వస్తాయన్న భయంతోనే చాలాసార్లు మొదటి దరఖాస్తు కదులుతుంది. అయితే ఇది మొదటి అప్పీలుతో పాటు చేయాల్సిన పని, దానికి బదులు చేసేది కాదు.

కమిషన్ దగ్గర సెక్షన్ 18 ఫిర్యాదు, సెక్షన్ 19 అప్పీలు ఒకటే అనుకుని చాలామంది నష్టపోతున్నారు. ఫిర్యాదు మీద కమిషన్ జరిమానా వేయగలదే తప్ప సమాచారం ఇవ్వమని ఆదేశించలేదని మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు 2011 డిసెంబరులో తేల్చింది. మనకు కాగితాలు కావాలంటే అప్పీలే దారి. రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానాను అప్పీలులోనూ కోరవచ్చు. సెక్షన్ 19(8) కింద నష్టపరిహారం కూడా అడగవచ్చు. నిరాకరణ సబబేనని నిరూపించుకోవాల్సిన భారం అధికారిదే.

ఇంత చేసినా కమిషన్లే పనిచేయకపోతే చట్టం చేవ చచ్చిపోతుంది. రెండో అప్పీలును ఎన్నాళ్లలో తేల్చాలో చట్టం చెప్పలేదు. ఇది పెద్ద లోపం. ఖాళీలను సకాలంలో నింపాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పినా, తెలంగాణ కమిషన్ 2023 నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లు లేకుండానే గడిపింది. పౌరుడు ఒక్క రోజు ఆలస్యమైతే కారణం అడిగే వ్యవస్థ, తన ఆలస్యానికి జవాబుదారీ వహించకపోవడం అన్యాయం. అప్పీలు ఏళ్ల తరబడి కదలకపోతే, దాన్ని నిర్ణీత కాలంలో తేల్చమని కమిషన్‌ను ఆదేశించాలంటూ హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆ రిట్‌కు జత చేయాల్సినవి ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న దరఖాస్తు, రెండు అప్పీళ్లు, అవి అందిన రుజువులు.