లక్ష పెట్టకపోతే లైవ్ రికార్డింగ్ దండగేనా?

"కీబోర్డు, ప్యాడ్స్, ల్యాప్‌టాప్‌లతో చేసే లైవ్ ప్రదర్శనను వినదగ్గట్టుగా రికార్డు చేయాలంటే లక్ష రూపాయలకు తగ్గదు, కండెన్సర్ మైకులు, 192 కిలోహెర్ట్జ్, 32 బిట్ ఫ్లోట్ లేనిదే ఆ పని దండగ" అన్న సందేశం నెల్లూరు, కావలి, ఒంగోలు వాద్యకారుల వాట్సాప్ గ్రూపుల్లో విస్తారంగా తిరుగుతున్నది. చవితి పందిళ్ల ముందు దీన్ని నమ్మి అప్పుకు సిద్ధపడిన కుర్రవాళ్లను చూశాను కనుక, అందులోని మాటలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

మొదటిది కండెన్సర్ మైకుల (సన్నని శబ్దాన్నీ పట్టే సున్నితమైన మైకుల) సంగతి. నెల్లూరు పురమందిరంలో నాదస్వరం, డోలు వాయిస్తే ఆ ధ్వని నేరుగా గాలిలో పుడుతుంది కాబట్టి మైకు తప్పదు. కీబోర్డు, ప్యాడ్స్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ వాద్యాలు) సంగతి వేరు; వాటి శబ్దం స్పీకరు చేరేదాకా విద్యుత్ సంకేతమే. దాన్ని మిక్సరు లైన్ అవుట్ (కలిపిన శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా బయటికిచ్చే రంధ్రం) నుంచి తీగతో తీసుకోకుండా స్పీకరు ఎదుట ఖరీదైన మైకు నిలబెట్టడమంటే, పందిరి ప్రతిధ్వనినీ జనరేటరు మోతనూ కొని తెచ్చుకోవడమే.

192 కిలోహెర్ట్జ్ అంటే నమూనా వేగం, సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తారన్నది; ఆ వాదనకు ఎక్కువ మాటలు అక్కరలేదు. మనిషి చెవికి వినిపించేది సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే; సీడీలలో వాడిన 44.1 కిలోహెర్ట్జ్ నమూనా వేగం అందులో సగం, అంటే 22.05 కిలోహెర్ట్జ్ వరకు పట్టుకుంటుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో గంటకు ఒక జీబీకి కాస్త పైన తీసుకుంటే, 192 దానికి నాలుగింతలు తింటుంది.

32 బిట్ ఫ్లోట్ (ఎంత గట్టి, ఎంత సన్నని శబ్దపు కొలతనైనా దాచగల పద్ధతి) విషయంలో కొంత నిజముంది: గెయిన్ (లోపలికొచ్చే సంకేతాన్ని ఎంత పెంచాలన్నది) చూసే మనిషి లేనప్పుడు అది ఆదుకుంటుంది. అయితే మిక్సరులోనే చిట్లిపోయిన శబ్దాన్ని ఏ రికార్డరూ అతికించలేదు. 24 బిట్‌లో, అన్నిటికన్నా గట్టిగా మోగే పాటను ముందుగా వాయించమని, శిఖరం మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర (రికార్డరు గరిష్ఠానికి 12 డెసిబెళ్లు కిందే) ఆగేలా గెయిన్ పెట్టుకుంటే చాలు. మిక్సరు శబ్దాన్ని ల్యాప్‌టాప్‌కు చేర్చే బెహ్రింగర్ యూసీఏ202 వంటి చిన్న పెట్టె 16 బిట్‌దే. ఆ 16 బిట్‌కు సిద్ధాంతరీత్యా 96 డెసిబెళ్ల పరిధి ఉంది, పందిరి మిక్సరు సొంత రొద దానికంటే ముందే వినిపిస్తుంది.

అసలు పనిని పాడుచేసేవి ఆ సందేశంలో లేనే లేవు. నా తొలి ప్రయత్నంలో మిక్సరు లైన్‌ను ఫోను మైకు రంధ్రంలో పెట్టి రెండు గంటల కార్యక్రమాన్ని బరబరమనే శబ్దంగా మార్చుకున్నాను. మైకు ఇన్‌పుట్ ఎదురుచూసేది అతి బలహీనమైన సంకేతాన్నని అప్పటికి తెలియదు. అందుకే కొనేముందు చూడవలసింది లైన్ ఇన్‌పుట్ ఉందా లేదా అన్నది. ల్యాప్‌టాప్ ఛార్జరు తగిలించగానే "హుమ్" మని 50 హెర్ట్జ్ మోత వస్తే, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న డీఐ బాక్సు (వాద్యానికీ మిక్సరుకూ మధ్య నేరు విద్యుత్ సంబంధం తెంచి సంకేతాన్ని మాత్రం పంపే పెట్టె) దాన్ని ఆపుతుంది. కీబోర్డు తగిలించిన ఛానల్‌లో కండెన్సర్ మైకులకు తీగలోంచే కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ మీట ఆపి ఉండాలి.

లైన్‌లో చప్పట్లు రావన్నది మాత్రం న్యాయమైన ఆక్షేపణే. అందుకు ఫోనును జనం మధ్య పెట్టి విడిగా రికార్డు చేస్తే సరిపోతుంది. అది స్పీకర్లకు 17 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం సుమారు 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో ఆ ట్రాకును అంత ముందే మొదలయ్యేలా ఎడమవైపుకు జరిపి, లైన్ ట్రాకు కింద సన్నగా కలపాలి.