కాకతాళీయం గారికి బహిరంగ లేఖ

అయ్యా కాకతాళీయం గారూ,

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగిన పుణ్యాన మీకు ఉద్యోగం దొరికింది. అప్పట్నుంచీ లెక్కల్లో ఏ వింత కనబడినా ఫైలు మీ టేబుల్ మీదికే వస్తోంది. మీరు సంతకం గీకేస్తారు, ఇంక ఎవరూ ఏమీ అడగరు.

ఇ (అదే, 2.718... అనే e) పవర్ పై లోంచి పై తీసేస్తే 19.9991 వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు కాలిక్యులేటర్ పాడైందేమోనని మళ్లీ నొక్కాను. ఈ ఫైలు మీ దగ్గర ఏళ్ల తరబడి మగ్గింది. 2023లో ఎవరో దుమ్ము దులిపారు. ఒక అనంత శ్రేణి ఉంది, దాని మొత్తం కచ్చితంగా 1. అందులో మొదటి పదమే అసలు సరుకు, మిగతాదంతా చిల్లర. ఆ చిల్లర వదిలేస్తే ఇ పవర్ పై అంటే దాదాపు ఎనిమిది పైలు మైనస్ 2. ఒక పై తీసేస్తే మిగిలేవి ఏడు. ఏడు పైలంటే 22 అని బళ్లోనే చెప్పారు కదా! 22లో 2 పోతే 20. అంతే సంగతి. అయితే ఈ రెండు సర్దుబాట్లలోనూ తప్పు దాదాపు 0.008, 0.009. అవి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి చూశారూ, ఆ వాటా మీదే, ఉంచుకోండి.

163 సంగతి చూద్దాం. పైని 163 వర్గమూలంతో గుణించి ఇ మీద ఘాతంగా వేస్తే, 262537412640768743 తర్వాత దశాంశ స్థానాల్లో వరసగా పన్నెండు తొమ్మిదులు. 1975 ఏప్రిల్‌లో లెక్కల సరదాల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ ఇది పూర్ణసంఖ్యేనని సరదాగా రాస్తే నమ్మినవాళ్లున్నారు. పూర్ణసంఖ్య కాదు, కానీ మీ పనీ కాదు. 640320 ఘనానికి 744 కలిపితే వచ్చేది ఆ పక్కింటి పూర్ణసంఖ్యే. తగ్గిన ఆ రవ్వంత ఎంతనుకున్నారు? దాదాపు 196884ని 640320 ఘనంతో భాగించినంత. ఆ 744, ఈ 196884 ఒకే ప్రమేయంలో పక్కపక్కన కూర్చునే గుణకాలు. ఈ 196884 పక్కనే, ఎక్కడో మాన్‌స్టర్ గ్రూపు అనే బ్రహ్మాండమైన సౌష్ఠవాల గుంపు లెక్కల్లో 196883 ఉందని 1978లో గణితజ్ఞుడు జాన్ మెకే గమనించాడు. ఒకటి తేడా! అది కూడా మీ ఖాతాలో పడాల్సిందే. కానీ ఆ రెండింటికీ నిజంగానే సంబంధం ఉందని 1992లో బోర్చర్డ్స్ అనే గణితజ్ఞుడు రుజువు చేసి తప్పించాడు, దానికి 1998లో గణితంలో పెద్ద బహుమతి ఫీల్డ్స్ మెడల్ కూడా వచ్చింది.

రెండు పవర్ పది 1024, వెయ్యికి దగ్గర. అది మీరు హాయిగా ఉంచుకోండి, నాకేం పేచీ లేదు.

పై నాలుగో ఘాతానికి ఐదో ఘాతం కలిపితే 403.42878, ఇ ఆరో ఘాతం 403.42879. ఈ ఫైలు మీ సొరుగులోనే ఉందని విన్నాను. పెన్ను కాస్త పక్కన పెట్టండి.

ఇట్లు,
తాటిచెట్టు కింద నిలబడి పైకి చూస్తున్న ఒకడు